చానెల్ ముందు కొనండి, డ్రా బాక్స్ తర్వాత కొట్టించండి

ఇంట్లో ఇంటీరియర్ పని నడుస్తుంటే అందరి ధ్యాస సన్‌మైకా రంగుల మీద, హ్యాండిళ్ళ మీదే ఉంటది, డ్రా (సొరుగు) లోపలికీ బయటికీ జారడానికి బిగించే ఇనుప పట్టాలు, అదే చానెల్స్, వాటి సంగతి చివర్లో కార్పెంటర్ వచ్చి "సార్, పద్దెనిమిది ఇంచుల చానెల్ ఆరు జతలు తెప్పించండి" అన్నప్పుడు గానీ గుర్తు రాదు. అప్పటికే డ్రా బాక్సులన్నీ కొట్టేసి బాల్కనీలో ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. తిరకాసంతా అక్కడే. చానెల్‌ని బట్టి బాక్స్ కొట్టుకోవాలి గానీ కొట్టేసిన బాక్స్‌కి సరిపోయే చానెల్ కావాలంటే ఏ షాపులోనూ దొరకదు. అందుకే నన్నెవరు అడిగినా ముందు చెప్పేది ఇదే, ప్లై కొన్న రోజే చానెల్ కూడా కొనేసి ఒక జత మిస్త్రీ చేతిలో పెట్టండి, ఆ తర్వాతే డ్రాల పని మొదలుపెట్టమనండి.

సొంతంగా బిగించుకునేవాళ్ళకీ, పక్కన నిలబడి చేయించుకునేవాళ్ళకీ ఇద్దరికీ లెక్క ఒకటే. పాత డ్రాకి చానెల్ మార్చుకోవాలన్నా ఇదే పద్ధతి.

ఏ రకం తీస్కోవాలి

అన్నిట్లోకీ చవకది రోలర్ చానెల్. తెల్లగానో క్రీం కలర్‌లోనో పౌడర్ కోటింగ్‌తో ఉంటది, చివర ఒక ప్లాస్టిక్ చక్రం. ఇది పూర్తిగా బయటికి రాదు, ముప్పావు వంతు వచ్చి ఆగిపోతది, వెనక మూల పెట్టింది తీయాలంటే చెయ్యి లోపలికి దూర్చి వెతుక్కోవాల్సిందే. పాత కంప్యూటర్ టేబుళ్ళలో అన్నీ ఇవే. తేలికపాటి సామాను పెట్టుకునే చిన్న డ్రాకి ఓకే, కిచెన్‌కి మాత్రం నేనైతే వద్దంటా.

మన దగ్గర ఎక్కువగా నడిచేది బాల్ బేరింగ్ ఉన్న టెలిస్కోపిక్ చానెల్. మూడు పట్టీలు ఒకదాంట్లో ఒకటి దూరి ఉంటాయి, మధ్యలో ఉక్కు గోళీలు, డ్రా మొత్తం బయటికి వచ్చేస్తది. దీని ఎత్తు 45 ఎంఎం, మందం 12.7 ఎంఎం, అంటే సరిగ్గా అర ఇంచు. ఈ అర ఇంచు గుర్తుపెట్టుకోండి, తర్వాత మొత్తం కథ దీని చుట్టూనే తిరుగుతది. పొడవులు 10 ఇంచుల నుంచి 24 దాకా రెండేసి ఇంచుల తేడాతో దొరుకుతాయి, పెట్టె మీద కొందరు 250, 300, 350 అని ఎంఎంలో వేస్తారు, రెండూ ఒకటే. బరువు మామూలుగా 35 నుంచి 45 కిలోల దాకా అని రాసి ఉంటది. ఆ అంకె ఒక్కో చానెల్‌కి కాదు, జతకి. పైగా అది డ్రా బరువు కూడా కలుపుకుని. షాపులో చాలామంది "రెండు చానెళ్ళు కదా, తొంభై కిలోలు మోస్తది సార్" అంటారు, నమ్మకండి.

ఇదే టెలిస్కోపిక్‌లో సాఫ్ట్ క్లోజ్ ఉంది. చివరి రెండు ఇంచుల దగ్గర లోపలి డ్యాంపర్ పట్టుకుని మెల్లగా లాక్కుంటది, దడేల్మని కొట్టుకోదు. అన్ని డ్రాలకీ ఇది అక్కర్లేదు. స్పూన్ల డ్రా, పిల్లల స్టడీ టేబుల్, రాత్రిపూట తీసే బెడ్ సైడ్ టేబుల్, వీటికి పెట్టండి. ఏడాదికి రెండుసార్లు తీసే దుప్పట్ల డ్రాకి సాఫ్ట్ క్లోజ్ పెట్టి, రోజుకి ఇరవైసార్లు తీసే దానికి నాసిరకం పెట్టిన ఇళ్ళు చూశా.

ఇక అండర్‌మౌంట్. ఇది డ్రా పక్కన కాకుండా కింద ఉంటది, డ్రా తీస్తే ఇనుము ఎక్కడా కనపడదు. టేకు డ్రాలు, మంచి ఫినిషింగ్ ఉన్న ఫర్నిచర్‌కి చాలా బాగుంటది గానీ కొలతల్లో అసలు దయాదాక్షిణ్యం లేని రకం, దాని గురించి కింద విడిగా చెప్తా. ఆ పైన మాడ్యులర్ కిచెన్లలో వచ్చే మెటల్ బాక్సులు, ఏ కంపెనీదైనా మనవాళ్ళు టాండెం అనే అంటారు, వాటికి పక్క గోడలు కూడా రేకువే, మీరు అడుగు చెక్క, వెనక చెక్క, ముందు ఫేసియా, అంటే బయటికి కనపడే ముందు పలక, ఇస్తే చాలు.

పుష్ టు ఓపెన్ అని ఇంకోటి ఉంది, హ్యాండిల్ లేకుండా నొక్కితే తెరుచుకునేది. మామూలు టెలిస్కోపిక్‌లో పుష్ టు ఓపెన్, సాఫ్ట్ క్లోజ్ రెండూ ఒకే చానెల్‌లో రావు, ఒకటి బయటికి తోసేది, ఇంకోటి లోపలికి లాగేది కదా. రెండూ కలిసి కావాలంటే పెద్ద కంపెనీల ఖరీదైన సిస్టంలకి పోవాలి. వంటింట్లో రెండు చేతులూ ఖాళీ లేనప్పుడు మోకాలితో తోసి తెరవచ్చని పుష్ టు ఓపెన్ పెట్టించుకుంటారు, సరే గానీ పనిమనిషి నడుము తగిలినా తెరుచుకుంటది, అది ఆలోచించుకోండి.

షాపులో ఏం చూడాలి

హైదరాబాద్‌లో రాణిగంజ్ గానీ ట్రూప్ బజార్ గానీ వెళ్తే రకాలు ఎక్కువ, కాలనీలో ఉన్న హార్డ్‌వేర్ షాపులో రెండు మూడు బ్రాండ్లే ఉంటాయి. హెట్టిక్, హేఫలే జర్మనీవి, బ్లమ్ ఆస్ట్రియాది, ఎబ్కో, గోద్రెజ్ మనవి. బ్రాండ్ కంటే ముందు ఒక జత చేతిలోకి తీస్కోండి. ఒకే పొడవున్న రెండు వేర్వేరు జతలు రెండు చేతుల్లో పట్టుకుంటే ఏది మందపు రేకో అరచేతికే తెలిసిపోతది. తర్వాత ఒక చానెల్‌ని పూర్తిగా బయటికి లాగి చివర పట్టుకుని పైకీ కిందకీ కాస్త ఊపండి. ఆ కదలికలో టకటకమని శబ్దం వస్తే గోళీలకీ రేకుకీ మధ్య వదులు ఉన్నట్టు, అదే వదులు రేపు డ్రా ముందు భాగం కిందికి వేలాడేలా చేస్తది. మెల్లగా లోపలికి తోస్తుంటే మధ్యలో ఎక్కడా గరగర అనకూడదు. చివర్లో ఆగే చోట రబ్బరు ముక్క ఉందో లేదో చూడండి, అది లేకపోతే తెరిచిన ప్రతిసారీ ఇనుముకి ఇనుము కొట్టుకుంటది.

బరువు లెక్క కూడా షాపుకి వెళ్ళకముందే వేసుకోవాలి. స్పూన్లు, గరిటెలు, పోపుల డబ్బా ఉండే పై డ్రా ఎంత నింపినా పదిహేను కిలోలు దాటదు. కింద పెద్ద డ్రాలో కుక్కర్లు, స్టీలు గిన్నెలు, ఇడ్లీ పాత్ర, నూనె డబ్బా పెడతారు చూడండి, అది తేలిగ్గా ముప్పై దాటుతది. కొందరు 26 కిలోల బియ్యం బస్తా మొత్తం ఒంపే డబ్బా కూడా డ్రాలోనే కావాలంటారు. అలాంటిచోట 45 కిలోల చానెల్ అంచుల మీద నడుస్తున్నట్టే, హెవీ డ్యూటీ తీస్కోండి లేదా బియ్యం డబ్బాని కింద నేల మీదే ఉంచండి. డబ్బు మిగుల్చుకోవాలంటే పై డ్రాల దగ్గర మిగుల్చుకోండి, కింది డ్రా దగ్గర కాదు.

సింక్ పక్కన ఉండే డ్రాకి ఇంకో సంగతి. మామూలు చానెల్‌కి ఉండేది జింక్ పూత, రోజూ తడి తగిలితే తుప్పు పడతది. అక్కడ స్టెయిన్‌లెస్ స్టీల్ చానెల్ తీస్కోవడం మంచిది, ఖరీదే గానీ అవసరం ఆ ఒక్క డ్రాకే కదా.

కొలతలు

ఇది తొందర లేకుండా చేయాల్సిన పని. క్యాబినెట్ లోపలి వెడల్పు ముందు ఒకసారి, మధ్యలో ఒకసారి, వెనక ఒకసారి కొలవండి. మూడూ ఒకటే వస్తే అదృష్టం, రాకపోతే అన్నిట్లోకీ తక్కువది తీస్కోవాలి. తర్వాత ఒక మూల నుంచి ఎదురు మూలకి టేపు పెట్టి కొలవండి, రెండో జత మూలలు కూడా కొలవండి, రెండూ సమానంగా వస్తే క్యాబినెట్ గుణ్యంలో, అంటే మూలలన్నీ సరిగ్గా తొంభై డిగ్రీల్లో, ఉన్నట్టు. రెండు మూడు ఎంఎం తేడా వస్తే డ్రా పెట్టకముందే సరిచేయించుకోండి, వంకర క్యాబినెట్‌లో ఎంత మంచి చానెల్ పెట్టినా బిగుసుకుంటది.

ఇప్పుడు లెక్క. లోపలి వెడల్పులోంచి 26 ఎంఎం తీసేస్తే డ్రా బాక్స్ బయటి వెడల్పు వస్తది. రెండు చానెళ్ళకి 25.4, ఆ మిగతాది ఊపిరాడడానికి. ఇది టెలిస్కోపిక్ చానెల్ లెక్క, దాదాపు అన్ని కంపెనీలకీ పనికొస్తది.

ఇంత సులువైన తీసివేత ఎక్కడ తప్పుతుందంటే సన్‌మైకా దగ్గర. మన మిస్త్రీలు ప్లై క్యాబినెట్ తయారు చేసి, దాని లోపల కొలిచి, అందులోంచి ఒక ఇంచు తీసేసి బాక్స్ కోస్తారు. ఆ తర్వాత క్యాబినెట్ లోపల 0.8 ఎంఎం లైనర్, అంటే లోపలి వైపులకి వేసే పల్చటి సన్‌మైకా, అతికిస్తారు, రెండు పక్కలా కలిపి 1.6. బాక్స్‌కి బయటివైపు కూడా అదే అతికిస్తారు, ఇంకో 1.6. ఫెవికాల్ పొర సంగతి వదిలేయండి, ఇప్పటికే మూడు ఎంఎం పైన పోయింది, అంటే ఒక సూత్, ఇంచులో ఎనిమిదో వంతు. మియాపూర్‌లో మా బావగారి ఫ్లాట్‌లో సరిగ్గా ఇదే జరిగింది, వార్డ్‌రోబ్‌లో నాలుగు డ్రాలూ కాలితో తన్నితే గానీ లోపలికి పోవు, మిస్త్రీ ఏమో "నయా హై సాబ్, చల్తే చల్తే ఫ్రీ హో జాయేగా" అని వెళ్ళిపోయాడు. వాడగా వాడగా వదులయ్యేది కాలి చెప్పు, చానెల్ కాదు. చివరికి బాక్సులు విప్పి ముందు చెక్క, వెనక చెక్క కోయించి మళ్ళీ కొట్టించారు.

ఒక ఉదాహరణ పూర్తిగా వేసి చూద్దాం. క్యాబినెట్ బయటి వెడల్పు 600 ఎంఎం అనుకోండి, పక్కలు 18 ఎంఎం ప్లై. లోపల మిగిలేది 564. లైనర్‌కి 1.6 పోతే 562.4. అందులో 26 తీసేస్తే 536.4, ఇది సన్‌మైకాతో సహా బాక్స్ బయటి వెడల్పు. బాక్స్‌కి బయట లైనర్ వేస్తున్నారు కాబట్టి ఉత్త చెక్క కొలత 534.8. పక్క చెక్కలు 12 ఎంఎం ప్లై అయితే ముందు వెనక చెక్కలు 510.8, అంటే 511 అనుకోండి. 12 ఎంఎం అని అమ్మే ప్లై నిజంగా కొలిస్తే చాలాసార్లు కాస్త తక్కువ ఉంటది, కాబట్టి కోసేముందు ఆ ప్లై ముక్క మందం కూడా టేపుతోనో కాలిపర్‌తోనో చూసుకోండి. ఇంచుల్లో, సూతుల్లో మాట్లాడే మిస్త్రీకి కూడా ఈ ఒక్క పనికి ఎంఎంలోనే కాగితం మీద రాసివ్వండి, సూత్ అంటే 3 ఎంఎం పైన, ఈ పనికి అది చాలా మొరటు కొలత.

పెద్దదవడం కంటే చిన్నదవడం నయం. బాక్స్ ఒక ఎంఎం తక్కువైతే చానెల్ వెనక సన్‌మైకా ముక్క పెట్టి సర్దొచ్చు. ఎక్కువైతే మాత్రం రంపం పట్టాల్సిందే. కానీ మరీ నాలుగైదు ఎంఎం చిన్నదైతే అలాగే బిగించేయకండి, పట్టీలు పక్కకి సాగి గోళీలు జారిపోతాయి.

లోతు సంగతి సులువు. క్యాబినెట్ లోపలి లోతు కంటే చానెల్ కనీసం ఒక సెంటీమీటర్ పొట్టిగా ఉండాలి. లోపల 560 ఉంటే 550 మరీ బిగుతు, వెనక వైరో పైపో ఏమన్నా ఉంటే ఇక అంతే, 500 తీస్కుని హాయిగా ఉండండి. ఫేసియా క్యాబినెట్ బయటికి కాకుండా లోపలికి కూర్చునే డిజైన్ అయితే ఆ ఫేసియా మందం కూడా లోతులోంచి తీసేయాలి. డ్రా వెడల్పు లోతు కంటే మరీ ఎక్కువ ఉండేలా చేయించుకోకండి. మూడడుగుల వెడల్పు డ్రాకి 18 ఇంచుల చానెల్ పెడితే ఒక పక్క పట్టుకుని లాగినప్పుడల్లా అడ్డంగా తిరిగి ఇరుక్కుంటది.

కడప బండల కిచెన్ అయితే

పాత ఫ్లాట్లలో, ఇండిపెండెంట్ ఇళ్ళలో గ్రానైట్ ప్లాట్‌ఫాం కింద కడప బండలు నిలువుగా నిలబెట్టి అరలు చేసి ఉంటాయి కదా, అందులోనే స్టీల్ బాస్కెట్లు పెట్టించుకుందామని చాలామంది అనుకుంటారు. మంచి ఆలోచనే, కాకపోతే ఆ బండలు మేస్త్రీ కంటికి నిట్టనిలువుగా ఉంటాయే గానీ టేపుకి కాదు. పైన 20 ఇంచులు ఉంటే కింద 19 ముప్పావు, ముందు ఒకటి వెనక ఒకటి. పైగా కడప బండ పొరలుగా లేచే రాయి, డ్రిల్లు పెట్టి ప్లగ్గు కొడితే అంచు దగ్గర పెచ్చు ఊడుతది, చానెల్ స్క్రూకి పట్టు దొరకదు.

అందుకని రాయికి నేరుగా బిగించాలని చూడకండి. ఆ అరలో అన్నిట్లోకీ ఇరుకైన చోటు ఎంతో కొలిచి, దానికంటే రెండు మూడు ఎంఎం తక్కువలో ప్లైతో ఒక డబ్బా చేసి లోపలికి తోయండి. నీళ్ళకి బాగా తట్టుకునే 710 గ్రేడ్ ప్లై తీస్కోండి, మామూలు 303 గ్రేడ్ ఆ తడికి ఆగదు, వానాకాలంలో కింది అంచు ఉబ్బిందంటే డ్రా బిగుసుకుంటది. డబ్బాకి రసమట్టం పెట్టి, అవసరమైన చోట కింద చిన్న చెక్క ముక్కలు దూర్చి, సమానం చేసుకున్నాక చుట్టూ సిలికాన్ కొట్టండి. చానెల్ ఆ ప్లైకి బిగించాలి. రెడీమేడ్ స్టీల్ బాస్కెట్ పెట్టేటట్టయితే లెక్క తిరగేయండి, బాస్కెట్ ముందు కొని దాని వెడల్పుకి ఒక ఇంచు కలిపితే డబ్బా లోపలి వెడల్పు ఎంత ఉండాలో వస్తది. ప్లై మందం రెండు పక్కలా తింటది కాబట్టి 20 ఇంచుల అరలో 19 ఇంచుల బాస్కెట్ పట్టదు, 17 ఇంచులదే పడతది.

బిగించడం

చానెల్ పూర్తిగా బయటికి లాగితే లోపలి పట్టీ మీద నల్లటి ప్లాస్టిక్ లీవర్ కనపడతది. దాన్ని నొక్కి పట్టుకుని లాగితే ఆ పట్టీ విడిపోతది. అది డ్రాకి, మిగిలిన పెద్ద భాగం క్యాబినెట్‌కి. డ్రా బిగించాక తీయాల్సి వచ్చినప్పుడు ఒక పక్క లీవర్ పైకి, రెండో పక్కది కిందికి నొక్కాల్సి ఉంటది, రెండూ ఒకే దిక్కుకి నొక్కి బలం చూపిస్తే లీవర్ విరుగుతది.

ఎత్తులు గీసుకోవడానికి పెన్సిలు గీతల కంటే చెక్క ముక్క నమ్మకం. మూడు డ్రాలు, ఒక్కో ఫేసియా 200 ఎంఎం అనుకుందాం. డ్రా బాక్స్ పక్క చెక్క మీద అడుగు నుంచి 60 ఎంఎం దగ్గర పొడవునా ఒక గీత గీయండి, డ్రా పట్టీ మధ్య రంధ్రాలు ఆ గీత మీదకి రావాలి. కింది డ్రాకి క్యాబినెట్ అడుగుకీ మధ్య 12 ఎంఎం ఖాళీ ఉండాలి, కాబట్టి క్యాబినెట్‌లో చానెల్ మధ్య గీత 72 దగ్గర. చానెల్ ఎత్తు 45 కదా, అందులో సగం తీసేస్తే దాని కింది అంచు 50 దగ్గర ఆగుతది. అంటే 50 ఎంఎం ఎత్తున్న ప్లై ముక్క క్యాబినెట్ అడుగున పెట్టి దాని మీద చానెల్ ఆనించి బిగిస్తే కింది డ్రా అయిపోయినట్టే. రెండో డ్రాకి 250, మూడోదానికి 450.

ఇక్కడ మిస్త్రీలు చేసే మంచి కిటుకు ఒకటుంది. మూడు ముక్కలు కోయరు, 450 ముక్క ఒకటే కోస్తారు. దాన్ని పెట్టి పై డ్రాకి ఎడమ పక్క, కుడి పక్క రెండు చానెళ్ళూ బిగించేసి, అదే ముక్కని 250కి కోసి మధ్య డ్రాకి, మళ్ళీ 50కి కోసి కింది డ్రాకి. ఎడమ కుడి రెండూ ఒకే ముక్క మీద ఆనాయి కాబట్టి ఒక పక్క ఎత్తు ఒక పక్క పల్లం అనే మాటే రాదు, టేపు చదవడంలో తేడా వచ్చినా రెండు పక్కలా అదే తేడా వస్తది.

చానెల్ ముందు కొన క్యాబినెట్ అంచుకి సమానంగా కాకుండా 2, 3 ఎంఎం లోపలికి ఉండాలి. ఫేసియా లోపలికి కూర్చునే రకమైతే ఫేసియా మందం, దాని మీద ఇంకో 2 ఎంఎం లోపలికి జరపండి, 18 ఎంఎం ప్లైకి రెండు వైపులా సన్‌మైకా కలిపితే అది 20 అయితది, అంటే మొత్తం 22. రెండు పక్కలా ఈ దూరం ఒకటే ఉండాలి, లేకపోతే డ్రా మూసినప్పుడు ఒక పక్క ముందే తగిలి ఇంకో పక్క తెరుచుకున్నట్టు కనపడతది.

చానెల్ మీద గుండ్రటి రంధ్రాలు, పొడవాటి రంధ్రాలు రెండు రకాలుంటాయి, అవి ఊరికే లేవు. ముందు పొడవాటి వాటిలోనే స్క్రూ వేయండి, ముందు ఒకటి వెనక ఒకటి, అది కూడా పూర్తిగా బిగించకుండా. డ్రా పెట్టి, తెరిచి మూసి, పైకి కిందికి సర్దుకుని, అంతా సవ్యంగా ఉందనుకున్నాక గుండ్రటి రంధ్రాల్లో వేసి ఖాయం చేయాలి. డ్రిల్ మెషిన్ చేతిలో ఉంది కదా అని ఒకేసారి అన్ని స్క్రూలూ టర్ర్ టర్ర్ మని దించేస్తే తర్వాత సర్దుకోవడానికి ఏమీ మిగలదు.

స్క్రూ విషయంలో రెండు జాగ్రత్తలు. పొడవు, 18 ఎంఎం క్యాబినెట్ ప్లైకి 16 ఎంఎం స్క్రూ, 12 ఎంఎం డ్రా చెక్కకి 12 ఎంఎం దాటకూడదు, దాటితే కొన డ్రా లోపల పొడుచుకొచ్చి చీర అంచుకో వేలికో తగులుతది. రెండోది తల. స్క్రూ తల చానెల్ రేకు కంటే ఎత్తుగా నిలిస్తే పట్టీ వచ్చి దానికి రాసుకుంటది, డ్రా ప్రతిసారీ ఒకే చోట ఆగుతుంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. బిగించాక వేలు పెట్టి నిమిరి చూడండి. 2 ఎంఎం బిట్‌తో చిన్న రంధ్రం చేసి స్క్రూ వేస్తే వంకర పోదు, ప్లై పొర చీలదు. డ్రైవాల్ స్క్రూలు, ఆ నల్లవి, ఇక్కడ వాడకండి, తల పెద్దది, పైగా పెళుసు.

డ్రా ఎక్కించేటప్పుడు క్యాబినెట్ చానెల్‌లో గోళీలున్న పట్టీని పూర్తిగా ముందుకి లాగి పెట్టుకోండి. డ్రాని రెండు చేతులతో సమంగా పట్టుకుని రెండు పట్టీలూ ఒకేసారి గాడిలో పెట్టి నేరుగా తోయాలి. మొదటిసారి సగం దాటాక కాస్త గట్టిగా ఉంటది, గోళీల పట్టీ సర్దుకుంటుందన్నమాట, టక్ మని చప్పుడొచ్చి లోపలికి పోతది, రెండోసారి నుంచి జారిపోతది. ఒక పక్క గాడిలో పడకుండానే బలంగా తోస్తే గోళీల పట్టీ నలిగి గోళీలు రాలిపోతాయి. గోళీ రాలిన చానెల్‌ని మళ్ళీ కూర్చోబెట్టాలని చూడడం వృథా, ఆ జత పోయినట్టే.

ఫేసియా చివర్లో పెట్టాలి. బాక్స్ ముందు చెక్కకి డబుల్ సైడ్ టేప్ అంటించి, ఫేసియాని కింద పక్కన 3 ఎంఎం ముక్కలు ఆనించి సరిగ్గా కూర్చోబెట్టి నొక్కండి, మెల్లగా డ్రా తెరిచి లోపలి నుంచి స్క్రూ వేయండి. హ్యాండిల్ రంధ్రం ఆ తర్వాతే.

అండర్‌మౌంట్ లెక్క వేరే

పైన చెప్పిన 26 ఎంఎం దీనికి పనికిరాదు. ఇందులో బాక్స్ బయటి వెడల్పు కాదు, లోపలి వెడల్పు ముఖ్యం. బ్లమ్ టాండెం (పైన చెప్పిన రేకు బాక్స్ కాదు, అదే పేరుతో వచ్చే అండర్‌మౌంట్ చానెల్) లాంటి వాటికి క్యాబినెట్ లోపలి వెడల్పులోంచి 42 ఎంఎం తీసేస్తే డ్రా లోపలి వెడల్పు వస్తది, పక్క చెక్క 16 ఎంఎం మించకూడదు. డ్రా అడుగు చెక్క పక్క చెక్కల కింది అంచుకి 13 ఎంఎం పైన ఉండాలి, ఆ ఖాళీలోనే చానెల్ దాక్కుంటది. వెనక చెక్కకి కింద రెండు మూలల్లో గాట్లు కోయాలి, చానెల్ కొక్కెం కూర్చోడానికి చిన్న రంధ్రం చేయాలి, ముందు కింది భాగంలో రెండు క్లిప్పులు బిగించాలి. డ్రా పొడవు కూడా చానెల్‌కి తగ్గట్టే ఉండాలి, 500 చానెల్‌కి 490 బాక్స్. వేరే కంపెనీ అయితే అంకెలు కాస్త మారతాయి, పెట్టెలో వచ్చే కాగితం పారేయకుండా మిస్త్రీకి చూపించండి. 18 ఎంఎం ప్లైతో డ్రా కొట్టేసి ఆ తర్వాత అండర్‌మౌంట్ తెస్తే అది ఎక్కదు, వాదించి లాభం లేదు.

సతాయిస్తే

డ్రా మూసినా దానంతటదే కాస్త బయటికి వస్తుంటే చానెల్ ముందుకి వాలి ఉంది, వెనక స్క్రూ వదులు చేసి ఆ కొన కొద్దిగా కిందికి దించండి. లోపలికి వెళ్తున్న కొద్దీ బిగుతవుతుంటే క్యాబినెట్ వెనక ఇరుకుగా ఉంది, ముందు బిగుతై లోపల వదులైతే ముందు ఇరుకు. రెండో కేసులో వెనక భాగంలో చానెల్‌కీ క్యాబినెట్ చెక్కకీ మధ్య సన్‌మైకా ముక్క పెడితే సరిపోతది, మొదటి కేసులో ముందు పెట్టాలి. సాఫ్ట్ క్లోజ్ ఒక పక్కే లాగుతుంటే ఒక చానెల్ ముందుకి ఒకటి వెనక్కి ఉన్నట్టు, కొలిచి సర్దండి, డ్యాంపర్ పాడైందని షాపు మీదకి పోకముందే ఇది చూడండి.

ఇంకోటి, ఇంట్లో పుట్టీ రుద్దడం, గ్రానైట్ కోయడం, ఫ్లోర్ పాలిషింగ్ అన్నీ అయ్యేదాకా డ్రాలు ఎక్కించకండి. ఆ దుమ్ము గోళీల గ్రీజుకి అంటుకుని కొత్త చానెల్ కూడా గరగరమంటది. తప్పదనుకుంటే చానెల్‌కి పేపర్ చుట్టి మాస్కింగ్ టేప్ వేయండి. వాడుతున్న డ్రా గరగరమంటే కొబ్బరినూనె, మిషన్ నూనె పోయకండి, వంటింట్లో పిండి, పసుపు దానికి పట్టి జిగురవుతది. పొడి గుడ్డతో గాడి తుడిచి సిలికాన్ స్ప్రే కొద్దిగా కొడితే చాలు.

పాత చానెల్ మార్చేటప్పుడు ఒకటి విప్పి చేత్తో పట్టుకునే షాపుకి వెళ్ళండి, పొడవుతో పాటు రంధ్రాలు కూడా పక్కపక్కన పెట్టి చూసుకోండి. అదే చోటికి వస్తే మంచిది, రాకపోతే కొత్త రంధ్రం పాత రంధ్రానికి మరీ దగ్గర పడి స్క్రూ పట్టదు. పాత రంధ్రం వదులైపోయి ఉంటే ఫెవికాల్ వేసి అగ్గిపుల్లలు దూర్చి, ఆరాక బయటికున్న ముక్కల్ని మొదలంటా కోసేసి, మర్నాడు స్క్రూ వేయండి.